మా జరీకి షుగరొచ్చింది

మా ఇంట్లో ఆ జబ్బును ముందు కనిపెట్టింది నేను కాదు, డాక్టరూ కాదు. చీమలు.

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్లిన వారానికి అమ్మ పెరట్లోంచి కేకేసింది. ‘ఏమిరా, ఇట్ల రా. పిల్లి పోసిన కాడ చీమలు పట్టినయి చూడు’. నాకు అప్పుడే ఆఫీసు కాల్ మొదలైంది. గద్వాలలో పెరట్లో చీమలుండటం ఏం వింత? హెడ్‌ఫోన్స్ తీయలేదు. కాల్ అయ్యాక వెళ్లి చూస్తే అమ్మ ఇంకా ఇసుక ట్రే దగ్గరే కూర్చుని ఉంది. పొడి ఇసుక మీద ఒక్క చీమ లేదు. తడిసిన చోట మాత్రం నల్లగా ముద్దలా పట్టాయి. ‘నాకొచ్చిందే దీనికీ వచ్చింది’ అంది. అమ్మకు ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. నేను నవ్వేశా. పిల్లికి షుగరేంటి?

వస్తుంది. మనుషుల్లో టైప్-2 అంటామే, పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది దాదాపు అలాంటిదే. నడి వయసు దాటిన మగ పిల్లుల్లో, కాస్త లావెక్కినవాటిలో, ఇంట్లోనే తిని ఇంట్లోనే పడుకునేవాటిలో ఎక్కువ. మా జరీ ఈ లెక్కలన్నింటికీ సరిపోయాడు. ఇక చీమల సంగతంటారా, మధుమేహానికి అది గుర్తని మన ఆయుర్వేద గ్రంథాలు ఎప్పుడో రాసి పెట్టాయి. ల్యాబులు లేని కాలంలో చీమే ల్యాబ్ టెక్నీషియన్.

జరీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. 2015లో నేను వనపర్తిలో పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసి ఇంటికొచ్చిన ఎండాకాలంలో, మా పక్కింటి మగ్గం గుంటలో ఓ పిల్లి నాలుగు పిల్లలను పెట్టింది. గద్వాల చీరలు నేసే మగ్గం కదా, నేతగాడు కాళ్లు పెట్టుకునే ఆ గుంట చల్లగా ఉంటుంది. నాలుగింటిలో ఒకడికి ఒంటి మీద పసుపు చారలు, అంచు మీద జరీ వేసినట్టు. పేరు అక్కడే పడింది. ఆ తర్వాత నేను బీటెక్‌కి వెళ్లా, ఉద్యోగానికి వెళ్లా, కొవిడ్‌లో తిరిగొచ్చా. వాడు మాత్రం ఇల్లు కదల్లేదు.

నిజానికి చీమల కన్నా ముందే జరీ చాలా చెప్పాడు. నాకే వినిపించలేదు. రెండు నెలలుగా బకెట్లో తల పెట్టి గటగటా నీళ్లు తాగుతున్నాడు. ఆ వీడియో తీసి, వెనక పాట పెట్టి, ఇన్‌స్టాలో వేశా. నా టెక్ వీడియోలకెప్పుడూ రానన్ని లైకులొచ్చాయి. పొద్దున రెండు గిన్నెలు తిని కూడా వెన్నెముక చేతికి తగిలేంత చిక్కిపోయాడు. ‘ముసలోడు అయితుండు’ అనుకున్నాం. ఇంకోటి, వెనక కాళ్లు. పిల్లి మునివేళ్ల మీద నడుస్తుంది. వీడు మడమలు నేలకు ఆనించి, కుందేలులా ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. గోడ మీంచి దూకినప్పుడు బెణికిందనుకున్నాం. రక్తంలో చక్కెర ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే కాళ్ల నరాలు దెబ్బతిని అలా అవుతుందని తర్వాత తెలిసింది. అతిగా నీళ్లు తాగడం, అతిగా పోయడం, బాగా తింటూనే చిక్కిపోవడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే ఆగకండి. మేం రెండు నెలలు ఆగాం.

లెక్కలో లేని జీవి

దగ్గర్లో ఒకచోటికి తీసుకెళ్తే నులిపురుగుల మాత్ర, బలానికి ఓ టానిక్ రాసిచ్చారు. వాళ్లను తప్పుపట్టాలని లేదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.9 కోట్లకు పైగా గొర్రెలున్నాయి, దేశంలో మనదే మొదటి స్థానం. మా పాలమూరు వైపు పశువైద్యుడి రోజంతా గొర్రెలు, మేకలు, బర్రెల మధ్యే గడిచిపోతుంది. ఆ గణన పట్టికలో కుక్కకు గడి ఉంది, కుందేలుకు ఉంది, ఏనుగుకూ ఉంది. పిల్లికి లేదు. లెక్కలోనే లేని జీవికి షుగర్ టెస్టు చేయాలని ఎవరికి తట్టాలి?

నా డిప్లొమా క్లాస్‌మేట్ ఒకడు వనపర్తిలోనే స్థిరపడ్డాడు. వాడికి తెలిసిన పశువైద్యుడు పిల్లులను కూడా చూస్తాడని చెప్పాడు. కూరగాయల బుట్టకు పైన వల కట్టి, అడుగున అమ్మ పాత చీర పరిచి, జరీని అందులో కూర్చోబెట్టి బస్సెక్కా. బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన దాటేదాకా అరుస్తూనే ఉన్నాడు. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి ‘పిల్లి ఎదురొస్తేనే పనులు కావంటరు, నువ్వు ఒళ్లో పెట్టుకుని పోతున్నవా’ అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వా.

డాక్టరు సారు చెవి అంచున చిన్న సూదితో గుచ్చి చుక్క రక్తం తీశారు. మీటర్ 412 చూపించింది. నాకు చెమటలు పట్టాయి. ఆయన మాత్రం ‘ఇప్పుడే షుగర్ అని రాయను’ అన్నారు. పిల్లి భయపడితే చాలు, జబ్బు లేకపోయినా చక్కెర 300 దాటొచ్చట. వీడు బస్సులో యాభై కిలోమీటర్లు అరుచుకుంటూ వచ్చాడాయె. అందుకని రెండు పనులు చెప్పారు. ఇంటి దగ్గర, భయం లేనప్పుడు, మూత్రంలో చక్కెర ఉందో లేదో స్ట్రిప్‌తో చూడటం ఒకటి. ఇక్కడే తీసిన రక్తాన్ని ఫ్రక్టోసమిన్ పరీక్షకు హైదరాబాద్ పంపడం రెండోది. అది గడిచిన రెండు, మూడు వారాల సగటు చక్కెర చెబుతుంది. ఒక్క రోజు భయం దాన్ని మార్చలేదు. మన కోడ్ భాషలో చెప్పాలంటే ఒక్క లాగ్ లైన్ చూసి సర్వర్ పడిపోయిందనకూడదు, ట్రెండ్ చూడాలి. ఇది ఆయన నాకు చెప్పాల్సి రావడం కాస్త సిగ్గుగానే అనిపించింది.

ఇంకో ప్రశ్న కూడా అడిగారు. ‘దీనికి దురదకేమైనా ఇంజెక్షన్లు వేయించారా?’ వేయించాం. అంతకు ముందు ఏడాది మెడ దగ్గర గోక్కుంటుంటే ఒకచోట మూడు సార్లు వేశారు. వారాల తరబడి పనిచేసే స్టెరాయిడ్. అలాంటివి పిల్లుల్లో షుగర్‌ను తెచ్చిపెట్టొచ్చని, మా జరీ విషయంలో అదే కారణమని మాత్రం చెప్పలేనని అన్నారు. ఏం ఇంజెక్షనో అప్పుడు అడగలేదు, చీటీ తీసుకోలేదు. ఫోన్ కొనేముందు ప్రాసెసర్ తయారీ ఎన్ని నానోమీటర్లో కూడా చూసే నేను, నా పిల్లి ఒంట్లోకి ఏం ఎక్కించారో అడగలేదు.

నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. స్ట్రిప్ కూడా అప్పటికే ముదురు రంగులోకి మారింది. షుగరే.

ఒక చుక్కలో పదో వంతు

చికిత్స వినగానే భయమేస్తుంది. రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో, జీవితాంతం కావొచ్చు, ఇన్సులిన్. కానీ మా లాంటి ఊళ్లకు ఇక్కడో అదృష్టం ఉంది. పిల్లులకు బాగా పనిచేసే గ్లార్జిన్ ఇన్సులిన్ మనుషులకు వాడేదే. గద్వాలలో మామూలు మెడికల్ షాపులో దొరుకుతుంది, చీటీ ఉంటే చాలు. పశువుల మందుల కోసం హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు. 10 మిల్లీలీటర్ల సీసాలో వెయ్యి యూనిట్లుంటాయి. జరీకి సారు మొదట రాసింది పూటకు 1 యూనిట్. అందుకే పెద్ద సీసా వద్దు, 300 యూనిట్లుండే 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ చాలన్నారు.

ఒక యూనిట్ అంటే ఎంతో తెలుసా? మిల్లీలీటరులో వందో వంతు. చుక్కలో పదో వంతో, ఐదో వంతో. సిరంజి మీద అది వెంట్రుకవాసి. వంద యూనిట్ల సిరంజి మీద గీతలు రెండేసి యూనిట్లకు ఒకటి ఉంటాయి, ఒకటి కొలవడం అసాధ్యం. 0.3 మిల్లీలీటర్ల సన్న సిరంజి కావాలి. గద్వాలలో దొరకలేదు. మా ఊళ్లో ఎవరికి ఏ పెద్ద జబ్బొచ్చినా చూసేది కర్నూలు వైపే కదా, అక్కడి నుంచి ఒక డబ్బా తెప్పించా. ఆ డబ్బా ఈ కథలో మళ్లీ వస్తుంది.

సూది వేయడం అనుకున్నంత కష్టం కాదు. మెడ వెనక వదులు చర్మాన్ని గుడారంలా పైకెత్తి, దాని కిందికి పోనివ్వాలి. వాడికి తెలియను కూడా తెలియదు, తింటూనే ఉంటాడు. మొదటి రోజు సూది చర్మంలోంచి అటువైపు బయటికొచ్చి మందంతా బొచ్చులో పోయింది. మళ్లీ వేయబోతే సారు ముందే చెప్పిన మాట గుర్తొచ్చింది: లోపలికెళ్లిందో లేదో అనుమానముంటే ఆ పూటకి వదిలెయ్, రెండోసారి వేయకు. చక్కెర ఒక పూట ఎక్కువుంటే పిల్లి చావదు, మరీ పడిపోతే చస్తుంది.

తిండి దగ్గర ఇంట్లో యుద్ధమే జరిగింది. జరీ తొమ్మిదేళ్లు పాలన్నం, పెరుగన్నం తిని పెరిగాడు. పిల్లి పుట్టుకతో మాంసాహారి. దాని లాలాజలంలో పిండిని అరిగించే ఎంజైమ్ ఉండదు, కాలేయం కూడా ఒక్కసారిగా వచ్చే చక్కెరకు తయారుగా ఉండదు. అన్నం ఆపాలి. ‘అన్నం పెట్టకుంటే ఏం తింటది, పాపం’ అని అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనేమో తెలివిగా అచ్చంగా ఉడికించిన చికెన్ మొదలుపెట్టా. అదీ తప్పేనట. టారిన్ అనే పదార్థం చాలకపోతే పిల్లికి చూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. 1975లో చూపు సంగతి, 1987లో గుండె సంగతి పరిశోధకులు తేల్చాకే పిల్లుల ఆహారంలో దాన్ని సరిపడా కలపడం మొదలైంది. చివరికి పిండి పదార్థం తక్కువున్న తడి ఆహారం ప్యాకెట్లు ప్రధానంగా, పైన కాస్త చికెన్ అని రాజీకొచ్చాం. చికెన్‌లో ఉప్పూ కారం సరే, ఉల్లి, వెల్లుల్లి కూడా పడకూడదు. అవి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. పనిలో పనిగా ఇంకోటి: ఒంట్లో వెచ్చగా ఉందని పిల్లికి పారాసిటమాల్ ముక్క వేయకండి. మా వీధిలోనే ఒకరు సలహా ఇచ్చారు. మనకు జ్వరం మాత్ర, దానికి విషం.

ఎక్సెల్ షీటూ, గోడ క్యాలెండరూ

ఇంజినీరుని కదా, ఊరుకుంటానా. షీట్ తయారుచేశా. చక్కెర, డోసు, తిన్న గ్రాములు, తాగిన నీళ్లు, బరువు. గ్రాఫ్ దానంతటదే గీసుకుంటుంది. ఏడింటికి ఫోన్‌కు నోటిఫికేషన్. అమ్మ గ్లూకోమీటర్‌తోనే వాడి చెవి అంచున చుక్క తీసి చూసేవాణ్ని. ఇక్కడ కూడా మెలిక ఉంది. మన రక్తంలో చక్కెర ప్లాస్మాలో కొంత, ఎర్రకణాల్లో కొంత ఉంటుంది. పిల్లి రక్తంలో 90 శాతానికి పైగా ప్లాస్మాలోనే. మనుషుల లెక్కతో తయారైన మీటర్ పిల్లిలో మామూలుగా అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. పనికిరాదని కాదు, ఆ తేడా డాక్టరుకు తెలిసి ఉండాలి. ఒకసారి చర్మానికి అతికించే 14 రోజుల సెన్సర్ కూడా పెట్టించాం. టెక్ బ్లాగరుగా నాకు పండగే. నాలుగో రోజు జరీ దాన్ని పీకి మంచం కింద పడేశాడు. దాని ఖరీదు అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

షీట్‌తో వచ్చిన జబ్బు ఏంటంటే, అంకె కనిపిస్తే వేలు ఊరుకోదు. ఓ సాయంత్రం 340 వచ్చింది. సారుకు ఫోన్ చేసి ‘ఒకటిన్నర చేయనా?’ అన్నా. మర్నాడు 290. ‘తగ్గించనా?’ ఆయన విసుక్కోలేదు కానీ ‘రోజుకో అప్‌డేట్ వదలడానికి ఇది సాఫ్ట్‌వేర్ కాదయ్యా’ అన్నారు. గ్లార్జిన్ ప్రభావం ఒంట్లో కుదురుకోవడానికి రోజులు పడుతుంది. కనీసం ఐదు నుంచి ఏడు రోజులు ఒకే డోసు మీద ఉంచి అప్పుడు నిర్ణయించాలి. ఆ వారం షీట్ తెరవకుండా ఉండటం నాకు సూది వేయడం కన్నా కష్టమైంది. నెలన్నరలో డోసు 2 యూనిట్లకు వెళ్లి నిలబడింది.

అమ్మ మాత్రం నా షీట్‌ను నమ్మలేదు. వంటింటి గోడకున్న క్యాలెండర్లో, తిథి గడి పక్కన, పొద్దుటికో టిక్కు, సాయంత్రానికో టిక్కు పెట్టేది. వేసింది నేనైనా టిక్కు తనదే. ఒక రోజు ఫోన్ ఛార్జింగ్ అయిపోయి, వేశానో లేదో నాకే గుర్తురాక నిలబడిపోతే, గోడ చెప్పింది వేశానని. అప్పటినుంచి నోటిఫికేషన్ తీసేశా.

డేటాను తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. పిల్లుల షుగర్ చికిత్సను మార్చిన పరిశోధనల్లో ఒకటి సరిగ్గా ఇలాంటి ఇంటి లెక్కల మీదే నడిచింది. 2009లో కిర్‌స్టెన్ రూంప్, జాకీ రాండ్ అనే ఇద్దరు దాన్ని ప్రచురించారు. రూంప్ పనిచేసింది పశువుల ఆస్పత్రిలో కాదు, జర్మనీలో మాక్స్ ప్లాంక్ కంప్యూటర్ సైన్స్ పరిశోధన సంస్థలో. యజమానులు ఇంట్లోనే చక్కెర కొలుస్తూ, గ్లార్జిన్ ఇస్తూ, పద్ధతిగా రాసుకున్న 55 పిల్లుల వివరాలవి. వాటిలో 64 శాతం చివరికి ఇన్సులిన్ అక్కర్లేని స్థితికి చేరాయి. జబ్బు బయటపడ్డ ఆరు నెలల్లోపే ఈ పద్ధతి మొదలైనవాటిలో అది 84 శాతం. ఆలస్యమైతే 35కి పడిపోయింది. ఆ అంకెలు చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. బకెట్ వీడియో పెట్టిన తేదీ వెతుక్కుని వేళ్ల మీద లెక్కపెట్టా. ఆరు నెలలకు ఇంకా టైముంది.

నాగర్‌కర్నూల్‌లో ఆ రాత్రి

ఏప్రిల్లో క్లయింట్ పని మీద రెండు వారాలు బెంగళూరు వెళ్లాల్సొచ్చింది. అమ్మ సూది ముట్టనంటే ముట్టనంది. తనకు కూడా మాత్రలు చాలట్లేదు, ఇన్సులిన్ మొదలుపెడదామని వాళ్ల డాక్టరు ఏడాదిగా చెబుతున్నాడు. ‘సూది దాకా వచ్చిందంటే ఇంక ఆఖరే’ అని ఆమె మాట. సరే, నాగర్‌కర్నూల్‌లో అక్కా బావా ఉన్నారు కదా, బావ వాళ్ల నాన్నకు అక్కే ఇన్సులిన్ వేస్తుంది, అలవాటున్న చెయ్యి. జరీని, మందును, సిరంజిల డబ్బాను అక్కడ దింపి వెళ్లా.

తొమ్మిదో రోజు రాత్రి పదిన్నరకు అక్క వీడియో కాల్. ‘తమ్ముడూ, ఇది తూలుతుందిరా. పిలిస్తే చూస్తలేదు’. బియ్యం బస్తా వెనక దూరి కూర్చున్నాడు. కళ్లు ఇంతింత. బయటికి తీస్తే వెనక భాగం ఒక పక్కకి ఒరిగిపోయింది. తాత మీటర్‌తో చూస్తే 38. మీటర్ తక్కువ చూపిస్తుందని తెలిసినా, ఆ తూలుడు చూశాక అది లెక్కలోకి రాదు.

అప్పుడు ఏం చేయాలో సారు ముందే రాసిచ్చారు, అది జరీ బుట్టలోనే ఉంది. తేనె ఉంటే తేనె, లేకపోతే చక్కెర పాకం, వేలితో చిగుళ్లకు రుద్దాలి. నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్క గ్లూకోజ్ పొడిని నీళ్లతో ముద్ద చేసి చిగుళ్లకు రాసింది. సారుకు నేను అక్కణ్నుంచి ఫోన్ కలిపా. పదిహేను నిమిషాలకోసారి చూడమన్నారు. 45. 61. మింగుతున్నాడని తెలిశాక కాస్త అన్నం కూడా పెట్టేయమన్నారు, ఆ రాత్రికి పథ్యం లేదు. మళ్లీ 52కి పడింది. గ్లార్జిన్ గంటల తరబడి పనిచేస్తుంది కాబట్టి ఒకసారి పెరిగిందని పడుకోవడానికి లేదు. నేను బెంగళూరు హోటల్ గదిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నా, అక్క నాగర్‌కర్నూల్‌లో వంటింటి నేల మీద. మధ్యలో బావ టీ పెట్టాడు. తెల్లవారి నాలుగింటికి 110. వాడు లేచి, అక్క కొంగు మీద పాదాలు నొక్కుతూ పడుకున్నాడు.

అప్పుడు అడిగా. ‘అక్కా, సిరంజి ఒకసారి కెమెరాకు చూపించు’. ఎర్ర మూత.

కర్నూలు డబ్బా అయిపోయిందట. షాపులో ‘ఇన్సులిన్ సిరంజి’ అంటే ఇది ఇచ్చారు. తాతకు వాడేదీ అదే, అందుకే అక్కకు అనుమానం రాలేదు. మన దేశంలో ఇన్సులిన్ ప్రధానంగా రెండు గాఢతల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లు, మిల్లీలీటరుకు 100 యూనిట్లు. తాత వాడే మామూలు ఇన్సులిన్ 40ది. దానికి ఎర్ర మూత సిరంజి. గ్లార్జిన్ 100ది. దానికి నారింజ మూత. 100 మందును 40 సిరంజిలో రెండు గీతల దాకా లాగితే అది 2 యూనిట్లు కాదు, 5. రెండున్నర రెట్లు. అక్క చెయ్యి సరిగ్గానే ఉంది, గీతా సరిగ్గానే ఉంది. ప్రమాణం మారిపోయింది, అంతే.

నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో ఇలాగే పోయింది. ఒక బృందం సాఫ్ట్‌వేర్ పౌండ్లలో లెక్కకడితే, రెండో బృందం న్యూటన్లనుకుంది. ఆ కథ కాలేజీ సెమినార్‌లో నేనే చెప్పా, చప్పట్లు కూడా కొట్టారు. సిరంజిల డబ్బా మీద ‘100’ అని మార్కర్‌తో రాయడం, అయిపోతే ఏది కొనాలో చీటీ పెట్టడం మాత్రం తట్టలేదు. అక్క రెండు రోజులు ఏడ్చింది. షాపును నాలుగు తిట్లు తిట్టడం తేలిక. కానీ ‘ఏ ఇన్సులిన్‌కు?’ అని వాళ్లు అడగలేదు, అడగరని అనుకుని చెప్పాల్సింది నేను.

మీ ఇంట్లో ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లుంటే, పిల్లి సంగతి పక్కన పెట్టి, ఇవాళే లేచి ఫ్రిజ్ తెరవండి. సీసా మీదున్న అంకె, సిరంజి మీదున్న అంకె ఒకటేనా చూడండి.

హెచ్ఆర్‌తో పిల్లి ముచ్చట

బెంగళూరు నుంచి వచ్చాక ఆఫీసులో రెండు విషయాలు ఒకేసారి ముందుకొచ్చాయి. ఒకటి, రాత్రి షిఫ్టు ప్రాజెక్టు, జీతం పెరుగుతుంది. రెండోది, హైదరాబాద్ ఆఫీసుకు వారానికి మూడు రోజులు తప్పనిసరి. కాల్‌లో నిజమే చెప్పా: పొద్దున ఏడు, సాయంత్రం ఏడు ఇంట్లో ఒక పేషెంట్ ఉన్నారు, రాత్రి షిఫ్టు కుదరదని. ‘అమ్మగారికా?’ అన్నారు. ‘పిల్లికి’ అన్నా. అటువైపు మ్యూట్ అయింది. నవ్వుకున్నారేమో తెలీదు. షిఫ్టు పోయింది, దాంతో వచ్చే పెంపూ పోయింది. ఈ పేజీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదా అని నన్నడిగితే, ఆ నెల ఈఎంఐ కట్టేటప్పుడు మాత్రం అనిపించింది.

మూడు రోజుల హైదరాబాద్ మాత్రం తప్పలేదు. ఒకసారి జరీని కూడా తీసుకెళ్లా. గద్వాల నుంచి వచ్చే బస్సు ఆరాంఘర్ దగ్గర దిగితే రాజేంద్రనగర్ పక్కనే, అక్కడే పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం. ఆ చుట్టుపక్కల టీ కొట్టు దగ్గర ఓ ఫైనలియర్ కుర్రాడు కలిశాడు. మాది మాదిరే పాలమూరు పల్లె. ఎంసెట్ బైపీసీ ర్యాంకుతో సీటొచ్చిందట. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల బీవీఎస్సీ. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరుల్లో కాలేజీలున్నాయి. అందరూ ప్రభుత్వ పోస్టు కోసమే చూస్తారని, తను మాత్రం చదువయ్యాక జిల్లాలోనే చిన్న జంతువుల క్లినిక్ పెడతానని అన్నాడు. ‘గద్వాలలో పిల్లులకు డబ్బులు పెట్టేవాళ్లున్నారా అన్నా?’ అని అడిగాడు. బుట్ట చూపించా. ఎంబీబీఎస్ రాలేదని బాధపడుతున్న బైపీసీ పిల్లలెవరైనా మీ ఇంట్లో ఉంటే ఈ దారి ఒకసారి చూడమనండి. మూడు జిల్లాలు తిరిగి ఒక్క డాక్టరును వెతుక్కున్నవాడిగా చెబుతున్నా, ఖాళీ చాలా ఉంది.

నేను లేని మూడు రోజులు ఎవరు సూది వేస్తారన్నది ఇంటి ముందున్న అసలు ప్రశ్న. నాగర్‌కర్నూల్ రాత్రి సంగతి విన్నాక అమ్మ ‘ఇంక దాన్ని యాడికీ పంపొద్దు. సూది నాకు నేర్పు’ అంది. నేర్పా. మొదటిసారి చెయ్యి వణికింది. రెండోసారికి జరీకి చెవి వెనక గోకుతూ, ఏదో గొణుగుతూ, నాకన్నా నున్నగా వేసింది. డబ్బా మీద నేను ‘100’ అని రాశా. దాని పక్కన అమ్మ పసుపుతో బొట్టు పెట్టింది, కళ్లజోడు లేకున్నా కనిపిస్తుందట.

ఇప్పుడు జరీ డోసు 1 యూనిట్‌కు తగ్గింది. ఆ 64 శాతంలో వాడు లేడు, ఇంకా. బరువు కొంత తిరిగొచ్చింది. వెనక కాళ్లు పూర్తిగా బాగు కాలేదు కానీ మగ్గం ఇంటి అరుగు మీదికి ఒకే దూకులో ఎక్కుతున్నాడు. ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్ తలుపు తీయొద్దని అమ్మ ఇంటికొచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఆ ఫ్రిజ్ తలుపు అరలో జరీ మందు ఉంటుంది. పక్కన ఖాళీ చోటుంది.

పోయిన వారం అమ్మకు మూడు నెలల సగటు పరీక్ష చేయించా. 9.4 వచ్చింది. ఆ చీటీని మడిచి, టిక్కులు పెట్టే క్యాలెండర్ వెనక్కి తోసేసింది. నేనేం అనలేదు. నిన్న సాయంత్రం జరీకి వేసి, సూది మూత పెడుతూ అడిగింది.

‘ఈ సన్న సూదులు మనుషులకు కూడా ఉంటయా?’

‘మనుషులవేనమ్మా అవి. పిల్లికి మనం వాడుకుంటున్నం.’

‘నొస్తదా?’

‘వాణ్ని అడుగు.’

జరీ గిన్నె నాకుతున్నాడు. అమ్మ లేచి, గోడ దగ్గరికెళ్లి, ఆ రోజు గడిలో రెండో టిక్కు పెట్టింది.